రెండో రాడ్డు

కర్ణాటక సింధనూరులో బస్టాండు వెనక, వలలూ గాలాలూ అమ్మే నాగరాజ్ కొట్టు. ఫిబ్రవరి నెల, మిట్టమధ్యాహ్నం. తుర్విహాళ పక్కన, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ క్యాంపులో వరి పండించే సీతారావమ్మ గాజుబల్ల ముందు స్టూలు మీద కూర్చుని ఉంది.

"అది గాదక్కా, ఒక్క మనిషికి రెండు గాలం రాడ్లు ఏం జేస్తవ్?"

"ఒకటి విరిగితే ఇంకోటి ఉండద్దూ?"

"విరిగేటందుకు ఇదేమన్న చెరుకుగడనా? కార్బన్. సూడు, గిట్ల వంచితే గట్ల లేస్తది."

"కంట్లో పొడిచేలా ఉన్నావు, దించు. ముందు గాలం తాడు సంగతి చెప్పు నాగరాజూ. చలికి ఏది ఆగుద్ది?"

"తాడు తర్వాత. రెండోది ఎవరికి?"

"తాడు ముందు."

"హౌదు, నీ మాటే కానీ. తాడే ముందు. నువ్వు పోయేది యాడికన్నవ్? హిమాచలా?"

"కులూ పక్కన తీర్థన్ అని నది. మార్చిలో ట్రౌట్ చేపకి పర్మిట్లు ఇస్తారు. అప్పటికింకా కొండల మీద మంచు కరిగి వస్తానే ఉంటుంది. నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొయ్యబారిపోతాయంట."

"ఈడ ఫ్యాన్ కింద కూసున్నా అంగీ తడుస్తున్నది, నువ్వేమో మంచుల నిలబడి చేపలు పడ్తానంటవ్. మన కాల్వల జెల్లలు, కొరమీన్లు ఏం పాపం జేసినయ్?"

"అవి పట్టీ పట్టీ విసుగొచ్చింది. ఈ ఏడు రెండో పంటకి నీళ్ళు చాలవన్నారు, చేలో పని లేదు. ఇంట్లో కూర్చుని సీరియళ్ళు చూడమంటావా?"

"హైదరాబాదుల మీ బిడ్డ లహరికి తెలుసునా, తల్లి మంచుల దిగుతున్నదని?"

"అదే తీసింది టిక్కెట్లు. రాయచూరులో రైలెక్కి ఢిల్లీ, అక్కణ్ణించి బస్సు."

"టిక్కెట్లా? ఎన్ని టిక్కెట్లు?"

"తాడు చూపించవయ్యా."

"ఎన్నక్కా?"

"పోవడానికొకటి, రావడానికొకటి. సరేనా? తాడు తియ్యి."

"అబ్బ, ఏం మనిషివక్కా! ఇగో, బెంగళూరు నుంచి రెండు రకాలు తెప్పించిన. ఎర్రది, పచ్చది. డబ్బా మీద ఏందేందో రాసిండ్రు, నాకు సమజ్ గాలే. అందుకే రెండింటిని ఫ్రిజ్జుల పెట్టిన."

"ఫ్రిజ్జులోనా?"

"మరి ఈ ఊర్ల చలి యాడ దొర్కుతది? రాత్రి పెట్టి పండుకున్న. పొద్దుగాల మా మంజమ్మ పెరుగు కోసం తల్పు తీసింది. పచ్చతాడు సుట్ట సుట్టుకొని ఉండె. పామనుకున్నది. కేక పెట్టి గిన్నె ఇడిసిపెట్టింది సూడు, పెరుగంత నేలపాలు! నా పెండ్లాం ఇప్పటిదాంక నాతోని మాట్లాడతలేదు."

"మాట్లాడుద్దిలే. మరి తేలిందేంటి?"

"ఎర్రది బెత్తం లెక్క బిగుసుకపోయింది. సుట్టలు ఇడుస్తలేదు. అది ఎండ దేశాలకు జేసిందట. విసిరితే స్ప్రింగు లెక్క మన దిక్కే వస్తది. పచ్చది మటుకు అంత చలిల గుడ్క మెత్తగనే ఉండె. పట్టుకొని సూడు. నీకు పచ్చదే బరాబర్."

"ఇది మెత్తగా ఉంది గానీ, ఇక్కడి ఎండకి జిగురవదూ?"

"అయితది. అందుకే డబ్బాలకెల్లి తియ్యకు. కాల్వ కాడ ప్రాక్టీసు జేసేటట్లుంటే ఎర్రదానితోని జెయ్యి, ఆడికి పోయినంక పచ్చది ఎక్కియ్యి."

"అయితే ఎర్రది ఒకటి, పచ్చవి రెండు కట్టు."

"ఇగో, మల్లొచ్చింది రెండు!"

"నీకు బేరం కావాలా, పంచాయితీ కావాలా?"

"రెండు కావాలె. సరే, పచ్చదాంట్లనే మల్ల రెండు రకాలున్నయ్. మొత్తం తేలేది ఒకటి, కొస మునిగేది ఒకటి. ఏది?"

"చలికి చేప అడుగున రాళ్ళ సందులో పడుకుంటుందంట. ఎర దాని ముక్కు దగ్గరికి వెళ్తే తప్ప నోరు తెరవదు. నాకు కొస మునిగేది ఇయ్యి."

"రెండోది?"

"తేలేదే ఇయ్యి. ఎక్కడుందో కళ్ళకి కనపడాలి కదా, ఆయనకి కొత్త."

"ఆయన!"

"ఏంటి?"

"ఆయనకి కొత్త అన్నవ్! ఆయన!"

"ఎవరన్నారు? రాడ్డుని అన్నాను."

"మీ ఆంధ్రల రాడ్డును ఆయన అంటరా?"

"మర్యాద గల రాడ్డయితే అంటాం."

"అక్కా, అక్కా! కొట్టు మూసేస్తగాని నిన్ను మాత్రం ఇడిసిపెట్టను. ఎవరక్కా? చుట్టమా?"

"కాదు."

"మీ క్యాంపాయననా?"

"కాదు. ఇక్కడి ఊరాయనే. మీ భాషే మాట్లాడతాడు. నాకు మొదట్లో సగం అర్థమయ్యేది కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మాట్లాడకపోయినా అర్థమవుద్ది."

"అరెరెరె! కమాల్ జేసినవ్ పో. యాడ కలిసిండు?"

"కాలవ తూము దగ్గర. పొద్దున్నే గాలం వేసుక్కూర్చుంటానా, ఒకరోజు వచ్చి వెనకాల నిలబడ్డాడు. మర్నాడూ నిలబడ్డాడు. నిలబడితే నీడ పడి చేప పారిపోద్ది, కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఆ చివర ఆయన, ఈ చివర నేను, కొంగల్లాగా."

"ఆ చివర, ఈ చివరనేనా?"

"మొదట్లో."

"ఆయన ఇంటామె?"

"పోయింది, జొరమొచ్చి. మావారు పోయారు కదా, ఆ తర్వాతే. కబుర్లన్నీ ముందు వాళ్ళ గురించే చెప్పుకున్నాం. అవి అయిపోయాక మా గురించి మొదలయ్యింది."

"మంచిగ జెప్పినవ్. సరే, ఆయన చెయ్యి ఎట్లుంటది? రాడ్డు దాన్ని బట్టి తియ్యాలె."

"బలం ఉంది, నిదానం లేదు. చేప ఇలా ముట్టుకుంటే చాలు, అలా లాగి పారేస్తాడు."

"ఐతే మెత్తటిది, నాలుగో నంబరు. ఎంత గుంజినా రాడ్డే వంగుతది, దారం తెగదు. నీ చెయ్యి నిదానం, నీకు అయిదు. తాళ్ళు గుడ్క నాలుగుకు నాలుగు, అయిదుకు అయిదు ఉండాలె. మొగుడు పెండ్లాం జాతకం లెక్క, నంబర్లు కల్వకుంటే విసిరిన తాడు నీ నెత్తినే పడ్తది."

"మాకు జాతకాలు కలిపే చేశారయ్యా పెళ్ళి. అయినా నా నెత్తినే పడింది."

"హహ్హహ్హా! అట్లయితే ఈసారి జాతకం వద్దు, రాడ్డు నంబరు సూస్కో. మరి ఆయన ఎందుకు రాలే కొట్టుకు? నేనేమన్న కొర్క తింటనా?"

"కొడుక్కి భయం."

"కొడుకుకా? పెద్దమనిషి కొడుకుకు భయపడ్తడా?"

"గాలమే ముట్టుకోనివ్వడంట. కాలవలో జారతావు, వయసైంది, ఇంట్లో కూర్చో అంటాడంట. కాలవ దగ్గర నా గాలమే ఆయనకిస్తుంటాను. ఇంక నాతో కలిసి కొండలు ఎక్కుతానంటే ఊరుకుంటాడా? ఊళ్ళో తలెత్తుకోలేనని గోల చేస్తాడని ఈయన బాధ."

"ఎవడక్కా ఆ గాడిద కొడుకు?"

"అలా అనకు. మంచోడే. నోరు కొంచెం పెద్దది, అంతే."

"మంచోడైతే తండ్రిని కట్టేసిన ఎద్దు లెక్క ఇంట్ల పెడ్తడా? గసుంటోన్ని నిలబెట్టి కడగాలె."

"నువ్వయితే ఏం చేస్తావు?"

"నేనా? నేనైతే సంచి నేనే మోసి రైలెక్కిస్తా. వయసు మళ్ళినంక ఒకరికి ఒకరు తోడుంటే సిగ్గేంది? ఊరిదేముంది, ఇయ్యాల మన ఇంటి ముచ్చట, రేపు ఇంకొకరింటి ముచ్చట."

"నోటికొచ్చిందల్లా అనడం తేలికే. తన దాకా వస్తే తెలుస్తుంది."

"హులిగెమ్మ ఆన! నా మాటంటే మాటే."

"అమ్మవారిని ఎందుకులే మధ్యలోకి."

"లేదు, ఆన పెట్టిన. వాని నంబరియ్యి, ఇప్పుడే ఫోన్ జేసి దులుపుతా."

"నంబరుంది. నీ ఫోన్లోంచి చేస్తే కలవదు."

"ఎందుకు కలవదు?"

"కలవదులే, చెప్తున్నాగా. మీ ఇంట్లో సంగతి చెప్పు. నాన్నగారు బాగున్నారా?"

"మా నాయనకేమక్కా, రాజా లెక్క ఉన్నడు. పొద్దుగాల కాల్వ దిక్కు వాకింగ్ పోతడు, ఎండెక్కినంక వస్తడు. సుగర్ గుడ్క తగ్గింది. ఈ మధ్య కూనిరాగాలు గిట్ల తీస్తున్నడు. ఒక్క తిప్పలేందంటే, వచ్చినంక చేపల వాసన కొడ్తడు. మార్కెట్ల నుంచి నడిచొచ్చిన అంటడు."

"గాలాల కొట్టు పెట్టుకున్నావు, ఆయనకో గాలం ఇవ్వకపోయావా?"

"అబ్బో, వద్దక్కా! కాల్వల జారితే? ఆ వయసుల... ఏంది, ఎందుకు నవ్వుతవ్?"

"నవ్వలేదు. తుమ్ము వచ్చేలా ఉంటే ఆపుకున్నాను."

"మా నాయన సంగతి వేరే."

"వేరేనే."

"ఆయనకు గసుంటి మోజులేం లేవు."

"లేవు, లేవు. రబ్బరు పాంటు చూపించు."

"ఆఁ, రబ్బరు పాంటు. బూట్లతో సహా నడుం పైదాంక వస్తది, నీళ్ళల్ల నిలబడేటందుకు. కొలత జర తప్పితే లోపటికి నీళ్ళొస్తయ్, ఆ చలికి మనిషి కట్టె అయితడు. నీది సూసిన, సరిపోతది. ఆయన నడుమెంత, కాలు పొడుగెంత?"

"తెలీదు."

"తెల్వదా?"

"ఏంటా చూపు? నిజంగానే తెలీదు."

"ఐతే మనిషిని తీస్కరా. కొలత లేకుండ నేనియ్య."

"తీసుకొచ్చాను."

"యాడ?"

"ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే కాళ్ళు రాలేదు."

"ఇంతసేపు ఎండల నిలబెట్టినవా? జర జాలి లేదా నీకు? ఏది, పంపాపతి బంకేనా?"

"అదే."

"ఆడ పంపాపతి ఉన్నడు. ఆ ఆటో పిలగాడు పంపాపతి బామ్మర్ది. ఇంకెవ్వరు లేరక్కా."

"సరిగ్గా చూడు."

"సూస్తనే ఉన్న. మా నాయన తప్ప ఎవ్వరు లేరు."

"ఊఁ."

"అక్కా."

"ఊఁ."

"మా నాయన తప్ప ఎవ్వరు లేరక్కా."

"అవునయ్యా. నాకూ అంతే కనపడుతోంది."

"మా నాయననా?"

"మీ నాన్నే."

"ఐతే... ఆ గాడిద కొడుకు..."

"గాడిదని నేననలేదు. మంచోడన్నాను."

"నువ్వు... ఇంతసేపు... నాతోని ఆన పెట్టించుకొని..."

"వద్దంటూనే ఉన్నాను కదా."

"మంజమ్మకు తెలిస్తే ఏమంటది? ఇంట్ల కోడలు..."

"మంజమ్మే చెప్పింది. మా ఆయన్ని సూటిగా అడిగితే ఎగిరిపడతాడు, బేరంలో పెట్టి అడగండి, బేరంలో ఉంటే మెత్తగా ఉంటాడు అని."

"మంజమ్మనా! పెరుగు పోయిందని మాట్లాడతలేదనుకున్న!"

"నవ్వు ఆగక మాట్లాడట్లేదేమో."

"లహరికి తెలుసు, మంజమ్మకు తెలుసు. ఆ పంపాపతికి గుడ్క తెలిసే ఉంటది, సూడు ఎట్ల ఇకిలిస్తుండో. నాకొక్కనికే తెల్వదు."

"నువ్వొక్కడివేగా కాదనేవాడివి."

"నేనేం కాదనలే... నేను... అమ్మ ఫోటో ఇంట్ల గోడ మీద ఉందక్కా."

"ఉండాలి. మా ఇంట్లో మావారిదీ ఉంది. ఎవరి ఫోటో ఎవరం తియ్యం నాగరాజూ. నీకు మనసొప్పకపోతే చెప్పు, రెండో రాడ్డు పక్కన పెట్టెయ్యి. ఆయన్ని ఇంటికి పంపేస్తాను. నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను. నీ మీద కోపం కూడా ఉండదు."

"ఆయనేమన్న తిన్నడా పొద్దున్నుంచి?"

"ఏమీ తినలా. టీల మీద టీలు తాగుతున్నాడు."

"సుగర్ మనిషి! చెప్పరాదా?"

"చెప్తే వినడు. నువ్వు చెప్పు."

"నా మాట ఇంటడా ఇగ?"

"నీ మాటే వింటాడు. అందుకేగా అక్కడ నిలబడిపోయాడు."

"జరుగక్కా, గడప కాడికి పోవాలె."

"నాగరాజూ?"

"ఉండు జర. ఓ నాయనా! ఆ చాయ్ ఆడ పెట్టు! ఇటు రా! నేనేం అంటలేను, నీకే చెప్తున్న, లోపల్కి రా! చిన్నమ్మ పిలుస్తున్నది!"