మబ్బును మింగిన హైబ్రిడ్ కారు

వాన పట్టుకుని మూడు గంటలైంది. గ్యారేజీలో వెనక సీటు ఊడదీసిన కారులోకి వంగి, టార్చి నోట కరుచుకుని, బ్యాటరీ మెకానిక్ అమ్మాయి ఏదో వెతుకుతోంది. బయట రేకుల పంచలో బల్ల మీద టర్బో బాబాయి, పక్కన శాలువా కప్పుకుని ఆయన భార్య, అందరికీ పిన్ని. ఎదురుగా స్టూలు మీద టైర్ల షాపాయన. రేపు పొద్దున ఏడింటికి పిన్నికి డయాలసిస్. వారానికి మూడుసార్లు ఆ కార్లోనే వెళ్లాలి. బండి కదులుతుందో లేదో లోపలి అమ్మాయి చెప్పాలి. అప్పటిదాకా నోరు మూసుకు కూర్చోవడం బాబాయి ఒంట్లోనే లేదు.

"హైబ్రిడ్ కారుకి మార్పులు దండగన్నారు తమ్ముడూ, అందరూ. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ కలిసి లాగే బండి, దాని లెక్క దానికుంది, వేలు పెట్టకన్నారు. నేను వింటానా? సైలెన్సర్ పీకి లావుపాటిది వేయించా. సిగ్నల్లో పచ్చలైటు పడగానే ముందు కదిలింది నా బండే!"

"అదేం గొప్ప?" అన్నాడు టైర్లాయన.

"ఆగవయ్యా. తర్వాత గాలి ఫిల్టరు పెద్దది పెట్టించా. ఇంజను గాలి పీల్చిందంటే, ముందు పోతున్న స్కూటరాయన టోపీ వచ్చి నా బానెట్ మీద వాలింది. వెనకే ఆయనా వచ్చాడు, స్కూటరుతో సహా. మర్నాడు మేడల మీద ఆరేసిన దుప్పట్లొచ్చాయి. మొన్న పది రోజులు చినుకు పడలేదు, గుర్తుందా? మబ్బొకటి లోపలికి పోయి ఇరుక్కుంది. నేనే లాగి వదిలా. ఇప్పుడు కురిసేది అదే."

"అయితే మా షాపులోకి నీళ్లొచ్చింది నీ పుణ్యమేనన్నమాట."

"నీ దగ్గరే కదా వెడల్పు టైర్లు వేయించా..."

"వద్దని మొత్తుకున్నా. మైలేజీ తినేస్తాయని."

"ఆ టైర్లతో కొండ రోడ్డు దిగా. ఈ బండికి బ్రేకు తొక్కితే బ్యాటరీ ఛార్జవుతుంది కదా? ఒక్క తొక్కు తొక్కా. నిండి, పొంగి, కరెంటు రోడ్డు మీద పారింది! పట్టపగలు వీధి దీపాలన్నీ వెలిగాయి. కింద ఒకావిడ ఇస్త్రీ చేస్తూ ప్లగ్గు పీకేసినా పెట్టె చల్లారలేదట!"

పిన్ని శాలువాలో దగ్గింది. బాబాయి గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోయిన నెల ఈవిణ్ణి ఎక్కించుకుని బయల్దేరా. కాలు ఇలా ఆనించానో లేదో ఆసుపత్రి! లోపల డాక్టరు లేడు. ఏడని అడిగితే, ఇంకా తొమ్మిదో తరగతి చదువుతున్నాడన్నారు. అంత ముందు చేరిపోయాం! వెనక్కి చూద్దును కదా, దూరంగా మలుపులో రొప్పుతూ పరిగెత్తుకొస్తోంది."

"ఎవరు?"

"ఈవిడ జబ్బు. ఇంటి దగ్గర ఎక్కలేకపోయింది తమ్ముడూ. ఇంకొంచెం తొక్కా. చిన్న చుక్కైపోయింది. ఇక అందుకోలేదు."

టైర్లాయన నవ్వలేదు. రేకుల మీద వాన మోత.

అమ్మాయి బయటికొచ్చింది. చేతిలో నల్లటి ఫోమ్ ముక్క, అంచుల్లో గట్టిపడిన జిగురు.

"బాబాయ్, వెనక సీటు పక్కనున్న జాలీ మీద ఇది అతికించింది మీరేనా?"

"నేనే. సైలెన్సర్ మోత అందులోంచి వచ్చి ఈవిడకి తలనొప్పిగా ఉందంటే, మూసేశా."

"బ్యాటరీకి గాలి వెళ్లేది అందులోంచే. ఫ్యాను తిరిగి తిరిగి మాడిపోయింది. బ్యాటరీ ఉడికిపోయింది. ఇంజను ఎంత లాగాలో మోటారు ఎంత లాగాలో కంప్యూటరే పంచుతుంది బాబాయ్. ఇన్ని తగిలించినా వేగం వీసమెత్తు పెరగలేదు, పెరిగింది మోతే. ఆ మోత కోసం దీని ముక్కు మూశారు. ఇక లేవదు."

బాబాయి ఆ ముక్క కోసం చెయ్యి చాచాడు.

"వెనక సీటు కాలిపోతోందని నెల నుంచి చెప్తున్నానండీ," అంది పిన్ని, మెల్లగా. "జబ్బు వెనక పరిగెత్తలేదు. నా పక్కనే కూర్చుంది. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ వచ్చాం."

బాబాయి ఆ ఫోమ్ ముక్కని తీసుకుని పిడికిట్లో నొక్కాడు. వదిలితే మళ్లీ ఉబ్బింది. టైర్లాయన వైపు తిరిగాడు.

"తమ్ముడూ, ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలంటే బస్సు ఎన్నింటికి ఎక్కాలి?"

"ఐదున్నరకి. ప్రతి స్టాపులో ఆగుతుంది మరి."

బాబాయి తలూపాడు. పిన్ని భుజం మీద జారిన శాలువా సరిచేసి, వాన వైపు చూస్తూ కూర్చున్నాడు.