చన్నీళ్ల చీటీ

స్కూబా పరికరాలు బాగుచేసే గది. బల్లకు అటు మెకానిక్ మేనకోడలు, ఇటు డైవింగ్ నేర్పే మామయ్య. మధ్యలో, సిలిండరు గాలిని నోటికి అందించే పాత రెగ్యులేటరు.

"చీటీ కట్టవే అంటే కట్టాలి. చన్నీళ్లకు పనికొస్తుందని రెండు ముక్కలు రాయడానికి చేతులు రావట్లేదా?"

"రావట్లేదు మామయ్యా. ఈ రెగ్యులేటరు వెచ్చటి సముద్రానికి. రేపు దిగేది మంచు కట్టిన చెరువులోకి."

"గాలి గాలే, నీళ్లు నీళ్లే. మధ్యలో నీ చాదస్తం ఏమిటి?"

"ఈ స్ప్రింగు చూడండి, పైకే కనబడుతోంది. సిలిండర్లోంచి గాలి వచ్చేకొద్దీ ఇదంతా చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీళ్లు గడ్డకడతాయి. ఇక వాల్వు మూసుకోదు. గాలంతా బుడగలై పోతుంది."

"బల్ల దగ్గర కూర్చుని లోతు చెప్తోంది! ముప్పయ్యేళ్లు మునిగినవాణ్ణి. నువ్వెప్పుడైనా మోకాలు దాటి దిగావా?"

"దిగలేదు. చెడి వచ్చినవి మాత్రం విప్పాను. పైగా మీకో రోగం. ఒడ్డున, ఆ చలిగాల్లో, బటను నొక్కి బుస్సుమనిపిస్తారు. నాలుగుసార్లు పీల్చి చూపిస్తారు. నోటి తడి లోపలే మంచవుతుంది."

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! నాకే పాఠాలా?"

"సరే, అంత మంచిదైతే రేపు మీరే తగిలించుకోండి."

"నాకెందుకే? ఇది అల్లుడికి."

"మంచు కింద మొదటిసారి దిగే మనిషికా?"

"వాడి మొహానికి ఇదే ఎక్కువ."

"మరి మీకు?"

"నాకు... నాది వేరే ఉందిగా."

"మొన్న సరిచూడమని ఇచ్చిన కొత్తదేనా? స్ప్రింగుకి నీళ్లు తగలకుండా సీలు చేసింది?"

"నా వయసులో... కాస్త జాగ్రత్త ఉండాలిగా."

"గాలి గాలే, నీళ్లు నీళ్లే అన్నారు?"

"నోరు మూసుకుని ఆ పై అరలో పెట్టె ఇలా తే."

"ఖాళీ పెట్టె ఏం చేసుకుంటారు?"

"ఖాళీయా?"

"పొద్దున మీ అల్లుడొచ్చాడు. మామగారు తన పాతది నాకిస్తున్నారు, చీటీ కట్టావా అని మురిసిపోతూ అడిగాడు. పాతది కాదు, కొత్తదే ఇమ్మన్నారని చెప్పి ఇచ్చేశాను. నేనంటే ఆయనకింత ప్రేమా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం."

"నీకేమైనా పిచ్చా? ఫోన్ చెయ్యి! వెనక్కి తెమ్మను!"

"ఆ మాట మీ నోటితో మీరే చెప్పండి. ఈలోగా పాతదానికి చీటీ రాస్తాను. పైన మీ పేరు. కింద, 'ఒడ్డున కూర్చోడానికి పనికొస్తుంది'."