మాట వినని పిల్ల

ఢిల్లీ, 1981. ఒక తెలుగు బడిలో హెడ్మాస్టరు రాధాకృష్ణమూర్తి గది. ఎదురుగా నాలుగో తరగతి అరుంధతి తల్లి నాగమల్లేశ్వరి.

"టీసీ ఇవ్వడానికే పిలిచారు కదూ సార్? నాకు తెలుసు. పొద్దున పాలు విరిగినప్పుడే అనుకున్నాను. ఆర్కేపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చానా, దారంతా అదే..."

"కూర్చోండమ్మా. అటు కాదు, ఈ కుర్చీలో. నా కుడివైపు."

"ఇక్కడ ఎండ పడుతోంది సార్."

"పడనివ్వండి. మీ అమ్మాయికి మూడేళ్ళుగా ప్రతి కార్డులోనూ ఒకటే రిమార్కు. హైమవతి టీచరు రాశారు, నేను సంతకం పెట్టాను. 'మాట వినదు.' లే అంటే లేవదు. పుస్తకం తియ్యమంటే పెన్సిల్ తీస్తుంది. బుద్ధి వస్తుందని చివరి బెంచీకి పంపాం. అక్కడికి వెళ్ళాక అసలు వినడమే మానేసింది."

"నేనూ ఆ కార్డు చూసే కొట్టాను సార్. మూడేళ్ళు. అట్లకాడ వంగిపోయింది."

"భయం ఉండాలి లెండి."

"అది కాదు సార్. తప్పు దానిది కాదు, చెవిది."

"తాళం చెవా? నా దగ్గరే ఉంది. ఇన్‌స్పెక్షన్ దాకా ఎవరికీ ఇవ్వను."

"ఏ తాళం సార్?"

"మోడల్ రూంది. వస్తూ చూళ్ళేదూ? ఇది వికలాంగుల సంవత్సరం కదమ్మా. ఎలాంటి పిల్లలైనా అందరితో కలిసి చదువుకునే గది. మెట్లు కొట్టేయించి వాలుగా సిమెంటు పోయించాం. బెంచీలు అర్ధచంద్రాకారంలో. ఎక్కడ కూర్చున్నా టీచరు పెదాలు కనబడతాయి. వినబడని పిల్లల కోసం."

"ఎంతమంది పిల్లలున్నారు సార్ అందులో?"

"ఒక్కరూ లేరు. పాడు చెయ్యరూ?"

"అచ్ఛా... మరి మా అమ్మాయిని అందులో..."

"మీ అమ్మాయికి అర్హత లేదమ్మా. ఫారంలో కాలమ్‌లున్నాయి. చూపు, నడక, వినికిడి, బుద్ధి. మాట వినకపోవడం అనే కాలమ్ లేదు. దాన్ని పొగరంటారు."

"వినకపోవడం కాదు సార్, వినబడకపోవడం! మొన్నామధ్య పాల బూత్ దగ్గర వెనక స్కూటరువాడు హారన్ కొడితే లైనంతా పక్కకి జరిగింది. ఇది జరగలా. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆస్పత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ నోటికి అట్ట అడ్డం పెట్టుకుని, 'బేటీ, నామ్ క్యా హై?' అని పేరడిగింది. పిల్ల పలకలా. అట్ట తీసి అడిగితే చెప్పింది. ఇదిగో చీటీ. హార్డ్ ఆఫ్ హియరింగ్. నాకొచ్చిన ఇంగ్లీషుతో హార్డంటే గట్టి కదా అనుకుని, పిల్ల గట్టిగా వింటుందని మూడు రోజులు సంతోషించాను. మా ఆయన టూరు నుంచి వచ్చి, అంటే చెవుడని, ఇన్నాళ్ళూ పెదాలు చూసి నెట్టుకొస్తోందని చెప్పాక ఇద్దరం కూర్చుని ఏడ్చాం."

"ఇటివ్వండి. ఊఁ... సీలు కూడా ఉంది."

"మరి ఆ గదిలో..."

"కుదరదు. ఇప్పుడు వినికిడి కాలమ్‌లో టిక్కు పెడితే, మూడేళ్ళు మేం రాసింది తప్పని ఒప్పుకున్నట్టే. ఇన్‌స్పెక్టరుగారు కార్డులు చూడరూ? పైగా ఫొటో తీస్తారు. మీ అమ్మాయిని చూస్తే ఏ లోపమూ తెలియదు. కనబడాలమ్మా! చక్రాల కుర్చీ ఒకటి తెప్పించాం, కొత్తది. దాంట్లో కూర్చుంటుందా?"

"దాని కాళ్ళు బాగానే ఉన్నాయి సార్!"

"అందుకే చెప్తున్నా, అర్హత లేదని."

"టీసీ మీద కూడా 'మాట వినదు' అని రాస్తే ఏ బడి చేర్చుకుంటుంది సార్? హిందీ బడిలో వేస్తే, పేరడిగితే చెప్తుంది గానీ పాఠం చెప్పే మాష్టర్ల పెదాలు దీనికేం అర్థమవుతాయి? ఇంట్లో కూర్చోబెడితే నా తర్వాత దాని గతేమిటి? రోడ్డు దాటుతుంటే ఏ బస్సో..."

"నిదానంగా చెప్పండమ్మా. ఈ ఫ్యాను చప్పుడొకటి."

"ఫ్యాను తిరగడం లేదు సార్. పొద్దుట్నుంచీ కరెంటు లేదని మీ ప్యూను కోటయ్యే చెప్పాడు."

"అయితే బయట పిల్లల గోల. గంట కొడితే అణుగుతారు."

"గంట ఇందాకే కొట్టారు సార్. నేను ఉలిక్కిపడ్డాను. మీరు కదల్లేదు."

"మీ మాటల్లో పడి..."

"అవును, నా నోటి వంకే చూస్తున్నారు. మా అరుంధతీ అచ్చం ఇలాగే చూస్తుంది."

"ఏమిటమ్మా ఈ పరాచికాలు? టీసీ సిద్ధంగా ఉంది. సంతకం పెట్టేస్తున్నాను, తీసుకెళ్ళండి."

"వద్దు సార్! సార్? తలెత్తండి సార్... అయ్యో, తేలు! సార్, మీ చేతి పక్కనే తేలు!"

"రాధాకృష్ణమూర్తి... హెడ్మాస్టరు... ఇవాళ తేదీ ఎంతమ్మా?"

"తేలు అని అరిచాను సార్."

"తేదీ అడుగుతున్నాను."

"నేను తేలన్నాను. తేలూ లేదు, ఏమీ లేదు. కోటయ్య చెప్పు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, అడుగో, గుమ్మంలో ఉన్నాడు. మీరు మాత్రం సంతకం చేసుకుంటున్నారు. కోపమొచ్చిందా సార్? నా నోరు ఆగదు, ఏం చెయ్యను. తిట్టండి పోనీ. కోటయ్యా, సారుకి మంచినీళ్ళు తే. కలం వదిలేసి కళ్ళు మూసుకున్నారు చూడు. గుండెనొప్పేమో! నావల్లే వచ్చిందేమో! సార్, మీ కుడివైపే ఉన్నాను, ఇటు చూడండి..."

"హెడ్మాస్టరు ఎవరి మాటా వినడని స్టాఫ్ రూంలో అంటారమ్మా. పదకొండేళ్ళుగా ఆ పేరు మీదే నెట్టుకొస్తున్నాను. కోటయ్యా, ఈ టీసీ చింపెయ్యి. ఇదిగో తాళం చెవి. గది తీసి పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టు... పక్కన నాకో కుర్చీ వెయ్యి."