ఎగువన పెట్టిన గొట్టం

మున్సిపల్ ఇంజనీరు, కంప్యూటర్ ఆటలో ఊరు కడుతున్న కూతురి వెనక నిలబడ్డాడు.

"మీ ఆఫీసోళ్ళే నాన్నా, మన ఏట్లో మంచినీళ్ళ పంపుకి ఎగువన మురుగు గొట్టం పెడుతున్నది!"

"వచ్చీ రాగానే మొదలెట్టావా? ముందు నీ ఊరు చూపించు."

"ఇదిగో. మొదట నేనూ ఎగువనే పెట్టా. ఊరు ఊరంతా మంచం పట్టింది."

"అబ్బో! ఏటి వాలు కూడా చూసి చేశారే ఈ ఆట!"

"దిగువకి మార్చా. చూడు, అందరూ లేచి పనికెళ్తున్నారు."

"బస్సులు కూడానా! ఎంత ముచ్చటగా కట్టావే తల్లీ!"

"మరి మన ఏట్లో గొట్టం వేసి మట్టి కప్పేశారా?"

"ఇంకా లేదు, వచ్చే వారం..."

"నేనైతే ఆట ఆపి సరిచేసుకున్నా. మన ఏరు ఆగదు నాన్నా. ముచ్చటపడింది చాలు, ఇప్పుడే ఫోన్ చేసి ఆ గొట్టం దిగువకి మార్చమను!"