తొమ్మిదో రౌండులో లేచే ముని

నిజామాబాద్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం మీది గది. ఆదివారం మధ్యాహ్నం. దుకాణం యజమాని కొడుకు అసద్, ఫ్లెక్సీలు డిజైన్ చేసే నరేందర్. అసద్ చేతిలో నరేందర్ ఆట కోసం బొమ్మ గీసి, రాసి తెచ్చిన కాగితం.

"నవ్వకు అసద్. ముందు మొత్తం సదువు, అప్పుడు నవ్వు."

"నవ్వుతలేనన్నా. గీ కింద 'శుభాకాంక్షలతో' అని ఎందుకున్నది?"

"యాడ?"

"ఇగో, నీ వీరుని కాళ్ల దగ్గర. ఎనుక పువ్వులు, రెండు దిక్కుల పావురాలు."

"చెయ్యి అలవాటురా. పొద్దంత పుట్టినరోజు ఫ్లెక్సీలు చేసే చెయ్యి. రాక్షసులతోని కొట్లాడెటోన్ని గీయమన్నా మెడల దండ ఏస్తది. తీసేస్త. నువ్వు వీరుణ్ణి సూడు."

"పేరు పసుపు ముని."

"మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఛాయ్ తాగు, సల్లారుతది."

"రెండే కప్పులు తెచ్చినవేంది? జహూర్, ఫౌజియా, నిఖితతోని ఐదుగురం కదా."

"వాళ్లు... వచ్చినంక మల్ల తెస్త. ముని ఏం జేస్తడో చెప్పు."

"చెప్త. ముందు నువ్వొక్కటి చెప్పు. గ్రూపుల పది రోజుల సంది ఒక్క మెసేజ్ లేదు. నన్ను ఇడిచిపెట్టి కొత్త గ్రూపు పెట్టుకున్నరా?"

"అరే, గదేం లేదన్నా."

"నాకు తెల్సు. నాతోని మీరంత తంగ్ అయిండ్రు, ఇసుగొచ్చింది మీకు. మా అవ్వ గూడ అంతే. ఏం ఆటరా అది అని అడిగింది. అసద్ కథ చెప్తడు, మేం తలొక వేషం అనుకొని, పాచికలు ఏస్కుంట రాక్షసులతోని కొట్లాడ్తం అన్న. లేచి కొట్లాడ్తరా అన్నది. లేదవ్వ, కూసొనే అన్న. మరి గంత దూరం పోవుడెందుకు, గీడనే కూసో అన్నది."

"అవ్వ మాటకు ఏమన్నవ్?"

"బస్సుకు టైమైందన్న, ఎక్కిన. నీ ఆట పుస్తకంల ఇరవై మంది వీరులు తయారుగ ఉన్నరు. నేనే, ఇంట్ల సొంతంగ తయారు చేస్తనంట. అదీ చెట్టో, పురుగో."

"సొంతంగ చేస్తే తప్పేంది?"

"తప్పు లేదా? మొదటోడు నెమలి. వానొస్తెనే శక్తి. నువ్వేమో ఆరు నెలల కథ ఎడారిల పెట్టినవ్."

"నాకు ముందుగాల తెల్వదు కదన్నా."

"రెండోది చేప. జహూర్ వీరుడు కత్తి పక్కన పెట్టి దాన్ని బకెట్ల మోసిండు. పదకొండు ఆదివారాలు! మూడోది తేనెటీగ. ఒక్కసారి కుట్టింది, సచ్చింది. ఛాయ్ రాకముందే నేను ఖాళీ. కూసొని అందరికి పల్లీలు పంచిన."

"గా రోజు మస్తు నవ్వినం."

"ఫౌజియా నవ్వలే. 'అన్నా, ఒక్కసారి మామూలు మనిషి వేషం ఏస్కోరాదా' అన్నది. ముప్పై ఆరేళ్లున్నయి నాకు. ఆరు రోజులు మామూలు మనిషినే. ఏడో రోజు గూడ గదే అయితె ఇంట్లనే ఉంట కదా."

"గట్లనకు. ముని సంగతి చెప్పు."

"మాది వేల్పూర్. పసుపు గురించి మీ అందరికన్న నాకే ఎక్కువ తెల్సు, గిది తప్పదు అనుకున్న. మొదటి రౌండుల ముని భూమిల దాక్కుంటడు. రౌండుకో కొమ్ము ఊరుతది. తొమ్మిదో రౌండుల ఆకు ఎండుతది, అప్పుడు లేస్తడు. లేసిండంటె అందరి గాయాలు మానుతయి. రాక్షసుడు ఖతం."

"తొమ్మిదో రౌండా?"

"పసుపు తొమ్మిది నెలల పంట కదా."

"అన్నా, మన కొట్లాట ఎన్నడన్న ఐదు రౌండ్లు దాటిందా?"

"దాటలే."

"జర ముందుగాల తవ్వితె?"

"పచ్చిగుంటది. పచ్చిది మార్కెట్ యార్డుల ఎవ్వరు ముట్టరు. ఇంకోటి... తవ్వంగనే గూడ పనికి రాదు. ఉడకబెట్టాలె. పదిహేను రోజులు ఎండబెట్టాలె."

"కొట్లాట నడుమల?"

"గదే పరేషాన్. రాక్షసుణ్ణి జర ఆగుమనాలె."

"యా అల్లా! సరే, ఒకపారి ఆడి సూద్దాం. నేను రాక్షసుణ్ణి. మిగిలినోళ్ల పాచికలు గూడ నేనే ఏస్త. ఒకటో రౌండు. నువ్వేం జేస్తున్నవ్?"

"భూమిల ఉన్న."

"రెండు. నిఖితకు దెబ్బ తాకింది. నువ్వు?"

"భూమిలనే."

"మూడు. నిఖిత పోయింది."

"అయ్యో. నాకు రెండాకులొచ్చినయి."

"నాలుగు. ఫౌజియా పోయింది. ఐదు. జహూర్ గూడ పోయిండు."

"మరి నేను?"

"నిన్నెవ్వరు ముట్టలే. నువ్వొక్కనివే ఉన్నవు."

"సిగ్గు లేకపాయె. దోస్తులంత సస్తుంటె నేను మంచిగ ఊరుతున్న సూడు... ఏమైంది అసద్? పాచికలు ఎందుకు పక్కన పెట్టినవ్?"

"ఏం లేదు."

"నా దిక్కు సూడు."

"ఏం లేదంటున్న కదన్నా."

"సమజైంది. నన్ను ఇయ్యాల గంట ముందు రమ్మన్నది గందుకే. వాళ్లు రాకముందే చెప్పి పంపియ్యాలె. చెప్పనీకి నీకు నోరు వస్తలేదు. గంతే కదా?"

"కాదన్నా, నువ్వు..."

"తప్పు పడతలేను. నేనైనా గంతే జేద్దును. ఏందంటె, ఆదివారం పొద్దుగాల లేస్తె, ఇయ్యాల ఆట ఉన్నది అని పానం మంచిగుంటది. గదొక్కటి పోతది. పోనీ. జహూర్‌కు చెప్పు, బకెట్ మోసినందుకు మస్తు థ్యాంక్స్ అని. పోత ఇగ."

"కూసో అన్నా. కొత్త గ్రూపు ఏం లేదు."

"మరి?"

"జహూర్‌కు ఆదివారం గూడ డ్యూటీ పడ్డది. ఫౌజియా కోచింగ్‌ల చేరింది. నిఖిత ఊరికెనే, ఇగ సాలన్నది."

"అంటే... ఇయ్యాల ఎవ్వరు వస్తలేరా?"

"ఇయ్యాల కాదు, ఇగ ఎన్నడు రారు. వాళ్లు నాకు చెప్పి పది రోజులైంది. చెప్తె నువ్వు గూడ రావేమోనని నాకు భయమైంది."