మిరుగం ముందటి వాన

చేపల గుంత తవ్వుతవా బాలరాజూ? కూసో. రెండువేల పదమూడుల, ఎండాకాలం ఎల్లిపోయే పొద్దుల ముచ్చట ఇది. ఎల్లారెడ్డి అవుతల తండాల తావుర్యా అని ఉండె. నువ్వెరుగవు, అప్పుడు నువ్వు బొంబాయిల ఉంటివి గద. ఏటేటా దసరా కాంగనే పెండ్లాం రామ్లిని తోల్కొని మహారాష్ట్రకు చెరుకు కొట్టనీకె పోతుండె. గా తోటలల్లనే ఆమెకు రెండు కడుపులు పోయినయి. ఇగ పోవద్దు, ఇంటికాడనే బతకాలె అనుకున్నడు. ఎట్ల బతుకుతవురా అంటే కొర్రమట్ట చేపలు సాకుత అన్నడు. కొర్రమట్ట పిల్లలు ఎర్రగ ముద్దోలె తిరుగుతయి, కింద తల్లి కావలి ఉంటది. అంతకుముందు వానలల్ల పోచారం కాలువ పొంటి అసొంటి ముద్దలను పాత చీరతోని ఎత్తుకొచ్చిండు. తల్లిని సుత పట్టుకరారాదు, కూరకైతది అని నేనంటే, "పిల్లలు పోయినయని తిరుగుతున్నది బాపు, దాన్నేం పట్టాలె" అనె. గసొంటోడు. మడిల గుంత తవ్వి పిల్లలను ఇడిసిండు. యాసంగి వరి మానిండు, బోరు నీళ్లన్ని గుంతకే. పెద్దయి చిన్నయిటిని మింగుతయని రామ్లి నీళ్లల్ల దిగి ఏరి, నడుమ కట్ట ఏసి వేరే ఉంచింది. చెదలు, కప్పలు తెచ్చి ఏసేది. అప్పటికే మల్ల కడుపుతోనున్నది. మా ఇంటామె భూదవ్వ పరాచికాలాడేది, "ఓ రామ్లీ, గంత తిండి మొగనికి పెడితే వాడు సుత లావైతుండె" అని.

ఆఁ, ఎండలల్ల కామారెడ్డి బేరగాడు వచ్చిండు. ఇచ్చేద్దమన్నది రామ్లి. తావుర్యా ఇనలే. మిరుగం కార్తె నాడు ఇంటింట చేప తింటరు, గప్పుడైతే అడిగిందే ధర అన్నడు. తప్పేమున్నది? నేనైనా గంతే అంటుంటి. కొర్రమట్టకు వాన తగిలితే గట్టెక్కి నడుస్తది. గందుకే గుంత చుట్టు వల కట్టిండు. ఉన్నది ఒక్కటే వల. తెల్లారితే మిరుగం, పట్టనీకె గా వలనే కావాలె. చిరుగులు కుట్టుకుందమని ఇప్పిండు. మొగులు లేకుండె, నేను సుత చూసిన. పొద్దుగూకంగ పట్టుకున్నది వాన. చేపలన్ని గట్టెక్కి తొవ్వల పొంటి, మళ్లల్ల పాకుకుంట పోయినయి. ఊరోళ్లు బొక్కెనలు పట్టుకొని ఉరికిండ్రు. అవి నా గుంతలయి అని తావుర్యా అడ్డం తిరిగితే ఊర్లె మైసన్న ఏమన్నడు? "నడిచొచ్చినదాని మీద నీ పేరు రాసున్నదా?" అన్నడు. నవ్విండ్రు అందరు. తెల్లారి ఇంటింట కూర వాసన. పక్కింటి హన్మవ్వ మంచిదే పాపం, కడుపుతోనున్న పిల్ల తినాలె అని గిన్నెల పట్టుకపోయి ఇచ్చింది. రామ్లి తిన్నది. తావుర్యా బయట కూసున్నడు, కుట్టిన వల ఒళ్లె పెట్టుకొని.

దసరా ఎల్లినంక చెరుకు కూలోళ్లను తోల్కపోయే ముకద్దం లారీ వచ్చింది. ఇద్దరు ఎక్కిండ్రు. కార్తీకంల చెరుకు తోటల కాన్పైంది. రామ్లి పోయింది, బిడ్డ పోయింది. తావుర్యా మల్ల రాలే.