ఏ రంగు బూజు

“మీరే చంపుతున్నరు సారూ నా బర్రెను! బూజు పట్టిన గడ్డిని పెంటమీద పారేసెటోళ్ళం మేము. బూజుతోనే గడ్డికి బలమొస్తదని నేర్పింది మీరే!”

అడవి అంచు ఊర్లో బర్రెల కొట్టం. వరిగడ్డిలో పుట్టగొడుగు విత్తనం కలిపి మేత చేసుడు నేర్పిన సారు ఇప్పుడే బండి దిగిండు.

“అబద్ధం చెప్పలే అక్కా. మంచి బూజు పెరిగితే గడ్డి మెత్తబడతది, పాలు పెరుగుతయి. నీ గడ్డికి ఏ రంగు వచ్చింది?”

“ముందు తెల్లగనే వచ్చింది. తర్వాత ఆకుపచ్చగ తిరిగింది.”

“ఆకుపచ్చనా? విత్తనం కలిపే ముందు గడ్డిని ఉడికించిన్రు గదా?”

“నానబెట్టమన్నరు, నానబెట్టినం.”

“వేడి నీళ్ళల్ల అక్కా! వేడికే చెడ్డ బూజు చస్తది, ఆకుపచ్చది విషం!”

“వేడి మాట ఎప్పుడన్నరు? ఫోటో దిగి జీపెక్కిన్రు. చూడున్రి, మెడ వాల్చేసింది. సూడితో ఉన్నది సారూ.”

“మణుగూరు నుంచి పశువుల డాక్టర్ వస్తుండు, భయపడకు. ఇంకెవరన్నా పెట్టిన్రా ఈ గడ్డి?”

“వాడంతా నాతోపాటే నానబెట్టిన్రు. మా పక్కింటి హెప్సిబా ఇయ్యాల్నే గడ్డి మూట విప్పుతనన్నది.”

“మెల్లగ మాట్లాడు. ఊరంతా తెలిస్తే ఈ పనిని ఎవ్వరూ నమ్మరు. నా నౌకరి గూడ...”

“నీ నౌకరి సంగతి తర్వాత. పొద్దు గుంకితే అందరు మేత వేస్తరు. నడువు, చర్చి మైకు పట్టు. ఆ గడ్డి పెట్టొద్దని, నేర్పుడు తప్పు నాదేనని నీ నోటితోనే చెప్పు. జల్దీ!”